ఆయిల్‌ఫీల్డ్ ట్రక్కు నడపడానికి కొత్తగా వస్తున్నా: లైసెన్సు, రక్షణ సామాను, ట్యాంకు దగ్గర జాగ్రత్తలు

కొత్త_చక్రం
అందరికీ నమస్కారం. టెక్సస్‌లో పర్మియన్ బేసిన్ అనే చమురు బావుల ప్రాంతం వైపు, అంటే మిడ్‌ల్యాండ్, ఒడెస్సా, పేకస్ ప్రాంతంలో, నీళ్ల ట్యాంకరు గానీ క్రూడ్ (ముడి చమురు) ట్యాంకరు గానీ నడపాలని అనుకుంటున్నాను. క్లాస్ ఏ సీడీఎల్ (ట్రైలరు లాగే పెద్ద ట్రక్కుల వాణిజ్య లైసెన్సు) ఇంకా తీసుకోలేదు. ఏది ముందు, ఏది వెనక చేయాలి? రక్షణ సామానులో కంపెనీ ఇచ్చేదేమిటి, నేను కొనుక్కోవాల్సిందేమిటి? దేని దగ్గర డబ్బు మిగుల్చుకోకూడదు?

క్యాలిచీ_దారి
వరస ఇలా పెట్టుకోండి. మొదట డీఓటీ (ఫెడరల్ రవాణా శాఖ) వైద్య పరీక్ష. ఆ కార్డు గరిష్ఠంగా 24 నెలలు చెల్లుతుంది. బీపీ, షుగరు ఉంటే డాక్టరు తక్కువ కాలానికే ఇవ్వవచ్చు, కాబట్టి స్కూలు ఫీజు కట్టకముందే ఈ సంగతి తేల్చుకోవడం మేలు. తర్వాత లెర్నర్ పర్మిట్. అది చేతికొచ్చాక కనీసం 14 రోజులు గడిస్తేనే డ్రైవింగ్ పరీక్షకు అనుమతి. 2022 ఫిబ్రవరి 7 నుంచి మొదటిసారి క్లాస్ ఏ తీసుకునేవాళ్లు ఫెడరల్ జాబితాలో నమోదైన శిక్షకుడి దగ్గరే పాఠాలు, రోడ్డు శిక్షణ పూర్తి చేయాలి. తెలిసిన డ్రైవరన్న దగ్గర నేర్చుకుని నేరుగా పరీక్షకు వెళ్లడం ఇప్పుడు కుదరదు.

ఎండార్స్‌మెంట్లు, అంటే లైసెన్సు మీద అదనపు అనుమతులు, రెండు కావాలి. ట్యాంకరుకు ఎన్, ప్రమాదకర సరుకుకు హెచ్. రెండూ ఉంటే లైసెన్సు మీద ఎక్స్ అని పడుతుంది. ఎన్‌కు రాత పరీక్ష చాలు. హెచ్‌కు మాత్రం పాఠాల శిక్షణ, రాత పరీక్ష, పైన టీఎస్‌ఏ (ఫెడరల్ రవాణా భద్రతా సంస్థ) వేలిముద్రలు, నేపథ్య తనిఖీ. ఆ తనిఖీకి వారాలు పట్టవచ్చు, అందుకే పర్మిట్ రోజుల్లోనే దరఖాస్తు పెట్టేయండి. నీళ్లు మాత్రమే తోలేవాళ్లలో కొందరు ఎన్‌తో సరిపెట్టుకుంటారు. నా సలహా రెండూ తీసుకోమనే, ఎందుకంటే క్రూడ్ పని దొరికిన రోజున హెచ్ కోసం ఆగితే ఆ సీటు ఇంకొకరికి పోతుంది.

రాత్రిషిఫ్ట్
పై మాటకు రెండు చేర్పులు.

పరీక్ష మాన్యువల్ గేరు ట్రక్కు మీదే ఇవ్వండి. ఆటోమేటిక్ మీద ఇస్తే లైసెన్సు మీద ఈ అనే ఆంక్ష పడుతుంది, అప్పుడు 10, 13, 18 గేర్ల బళ్లు ముట్టుకోవడానికి వీల్లేదు. ఆయిల్‌ఫీల్డ్‌లో ఆ బళ్లు ఇంకా బోలెడున్నాయి.

రెండోది ఇంగ్లీషు. రోడ్డు బోర్డులు చదవడం, అధికారి అడిగితే జవాబు చెప్పడం రావాలన్నది ఫెడరల్ నిబంధన. 2025 జూన్ నుంచి రోడ్డు మీది తనిఖీల్లో దీన్ని గట్టిగా పట్టుకుంటున్నారు, రాకపోతే బండిని అక్కడే ఆపేయిస్తారు. లీజుల మీద, అంటే బావులు, ట్యాంకులు ఉన్న స్థలాల్లో, దీని అవసరం ఇంకా ఎక్కువ. వాల్వుకు కట్టిన హెచ్చరిక చీటీ, ట్యాంకు మీది విషవాయువు బోర్డు, రేడియోలో తొందరగా చెప్పే మాట, అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి.

మూత్ర పరీక్ష గురించి కూడా: గంజాయి చట్టబద్ధమైన రాష్ట్రంలో ఉంటున్నా డీఓటీ పరీక్షలో అది దొరికితే తప్పినట్టే. ఆ ఫలితం క్లియరింగ్‌హౌస్ అనే ఫెడరల్ రికార్డులో నమోదవుతుంది, తర్వాత ఏ కంపెనీకి వెళ్లినా కనిపిస్తుంది.

గేజ్‌టేప్
సామాను సంగతికి వస్తాను. బట్టలతో మొదలుపెడదాం, తప్పులు ఎక్కువగా అక్కడే చేస్తారు.

ఎఫ్‌ఆర్ అంటే నిప్పు తగిలినా తనంతట తాను మండుతూ పోని గుడ్డ. లోపల చీటీ మీద ఎన్‌ఎఫ్‌పీఏ 2112 అని రాసి ఉండాలి. ఆ అంకె లేకుండా వట్టి ఎఫ్‌ఆర్ అని ముద్రించిన చొక్కా చవగ్గా వస్తుంది, గేటు దగ్గర వెనక్కి పంపుతారు. రకాలు రెండు. నూలుగుడ్డకు రసాయనం పట్టించినది ఒకటి, పోగులోనే ఆ గుణం ఉన్న నోమెక్స్ లాంటిది ఇంకొకటి. మొదటిది మెత్తగా, చవగ్గా ఉంటుంది గానీ ఉతికే పద్ధతి తప్పితే చెడుతుంది. రెండోది తేలిక, ఎక్కువకాలం వస్తుంది, ధర ఎక్కువ.

ఉతికేటప్పుడు బ్లీచు వద్దు, ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు. సాఫ్ట్‌నర్ గుడ్డ మీద మండే పొరను వదిలిపెడుతుంది. లోపలి వైపు బయటికి తిప్పి, విడిగా ఉతకండి. క్రూడ్ మరక పట్టిన చొక్కాతో మళ్లీ ట్యాంకు ఎక్కకూడదు. గుడ్డ మండకపోయినా ఆ మరక మండుతుంది. అందుకే కనీసం మూడు జతలు కావాలి: ఒంటిమీద ఒకటి, ఉతికిన జత ఒకటి, మరకపడితే మార్చుకోవడానికి బండిలో ఒకటి.

చేతులు దించి, మణికట్టు బొత్తాం పెట్టి, చొక్కా ప్యాంటులోకి దోపుకోవాలి. పర్మియన్ ఎండలో చేతులు పైకి మడవాలనిపిస్తుంది. మడిచిన మేర ఎఫ్‌ఆర్ లేనట్టే.

కొత్త_చక్రం
గేజ్‌టేప్ గారూ, లోపల వేసుకునే బనియను, చలికోటు కూడా ఎఫ్‌ఆరే ఉండాలా?

గేజ్‌టేప్
లోపలిది ఎఫ్‌ఆర్ అయితే శ్రేష్ఠం. కాకపోతే నూటికి నూరు పాళ్లు నూలు. పాలిస్టర్, నైలాన్ ఆటల బనియన్లు అసలు వద్దు, వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటాయి. కోటు, రెయిన్‌కోటు, మెరిసే చారల జాకెట్టు ఇవన్నీ పైపొర కాబట్టి తప్పకుండా ఎఫ్‌ఆర్ ఉండాలి. ఎఫ్‌ఆర్ చొక్కా మీద మామూలు ప్లాస్టిక్ రెయిన్‌కోటు తొడిగితే మంట ముందుగా అంటుకునేది ఆ కోటుకే. నార్త్ డకోటాలోని బాకెన్ చమురు ప్రాంతం వైపు వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, అక్కడి చలిలో నాలుగు పొరలు వేసుకోక తప్పదు.

ఉక్కుముక్కు
మిగతా సామాను గబగబా చెప్తాను.

బూట్లు: ఏఎస్‌టీఎం ఎఫ్2413 గుర్తు, గట్టి ముందుభాగం, మడమ స్పష్టంగా ఉన్న అడుగు, చీలమండ పైదాకా లేసులు. మడమ లేని చదును అడుగు ఉంటే నిచ్చెన మెట్టు మీద నుంచి జారుతుంది. హెల్మెట్: ఏఎన్‌ఎస్‌ఐ జెడ్89.1. లోపలి పట్టీలను దాదాపు ఏడాదికోసారి, డిప్పను దాదాపు ఐదేళ్లకు మార్చమంటారు తయారీదారులు. తేదీ డిప్ప లోపలే అచ్చు వేసి ఉంటుంది. ఎండ తగిలే డ్యాష్‌బోర్డు మీద పెట్టి ఉంచితే ప్లాస్టిక్ అంతకుముందే పెళుసవుతుంది. కళ్లద్దాలు జెడ్87 గుర్తున్నవి రెండు జతలు: పగటికి నలుపు, రాత్రికి తెలుపు. రాత్రి నల్లద్దాలతో క్యాట్‌వాక్ (ట్యాంకు పైని నడకదారి) ఎక్కడం కొత్తవాళ్లలో చూస్తుంటాం, తెల్లవి బండిలో లేకే ఆ పని చేస్తారు.

చేతి తొడుగులు రెండు రకాలు పెట్టుకోండి. గొట్టాలు, క్యామ్‌లాకులు (గొట్టం బిగించే జాయింట్లు), గొలుసులకు వేళ్ల మీద రబ్బరు దిమ్మలున్నవి. క్రూడ్, కెమికల్ తగిలే చోట నైట్రైల్. తోలు తొడుగు క్రూడ్ పీల్చుకుంటే రోజంతా చర్మానికి పట్టుకునే ఉంటుంది.

టార్చి మామూలుది వద్దు. మండే వాయువు ఉండే చోటికి పనికొస్తుందని క్లాస్ 1 డివిజన్ 1 గుర్తు ఉండాలి. ఫోను క్యాబులోనే ఉంచేయండి.

సాధారణంగా హెల్మెట్, అద్దాలు, గ్యాస్ మానిటరు కంపెనీ ఇస్తుంది. బూట్లు మీవి. ఎఫ్‌ఆర్ బట్టలు కొందరు ఇస్తారు, కొందరు జీతంలో కోస్తారు. సంతకం పెట్టేముందు అడగండి.

గేజ్‌టేప్
అసలు విషయం మానిటరు. నాలుగు వాయువుల మానిటరు కావాలి: హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు), ఆక్సిజన్, మండే వాయువు, కార్బన్ మోనాక్సైడ్. హెచ్2ఎస్ ఒక్కటే చూపే చిన్న బిళ్ల క్రూడ్ ట్యాంకు దగ్గర చాలదు, కారణం తర్వాత చెప్తాను.

హెచ్2ఎస్ 1 పీపీఎం (గాలిలో పది లక్షల్లో ఒక వంతు) కన్నా తక్కువలోనే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. మానిటర్లు మామూలుగా 10 పీపీఎం దగ్గర మొదటి కూత కూస్తాయి. 100 పీపీఎం ప్రాణాపాయ స్థాయి. సరిగ్గా ఆ స్థాయిలోనే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. అంటే వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు, పెరిగి ఉండవచ్చు. 700 దాటితే ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కూలిపోతాడు. గాలి కన్నా బరువైన వాయువు కాబట్టి పల్లపు చోట్లలో, ట్యాంకుల చుట్టూ కట్టిన గట్టు లోపల, గాలి ఆడని రాత్రిళ్లలో పేరుకుంటుంది.

రోజూ పని మొదలుపెట్టేముందు బంప్ టెస్టు చేయాలి, అంటే తెలిసిన గ్యాస్‌ను కాస్త చూపించి కూస్తుందో లేదో చూడటం. ఆన్ చేయగానే పచ్చదీపం వెలిగినంత మాత్రాన సెన్సరు బతికి ఉన్నట్టు కాదు. దాన్ని స్వచ్ఛమైన గాలిలోనే ఆన్ చేయండి. ట్యాంకు పక్కన ఆన్ చేస్తే అక్కడి గాలినే సున్నాగా లెక్క కట్టే ప్రమాదం ఉంది.

నీటిబండి
నడుము బెల్టుకు తగిలిస్తే సరిపోతుంది కదా? గ్యాస్ బరువైనది, కిందే ముందు దొరుకుతుంది.

గేజ్‌టేప్
వద్దండీ. ముక్కు, నోటికి దాదాపు 10 అంగుళాల లోపల, కాలరు మీద గానీ ఛాతీ జేబు మీద గానీ పెట్టాలి. మూత తెరిచి పైన నిలబడ్డప్పుడు గ్యాస్ మొహం మీదికే వస్తుంది, బెల్టు దగ్గర మానిటరు కోటు కింద దాగి ఉంటుంది. సెన్సరుకు గుడ్డ అడ్డం పడకూడదు.

కొత్త_చక్రం
కూత వినిపిస్తే ఏం చేయాలి?

క్యాలిచీ_దారి
ఊపిరి బిగబట్టి, గాలి వీచే దిక్కుకు అడ్డంగా నడిచి గ్యాస్ దారిలోంచి బయటపడి, తర్వాత గాలికి ఎదురుగా, ఎత్తు వైపు వెళ్లాలి. అక్కడి నుంచి కబురు చెప్పాలి. పక్కవాడు పడిపోయి కనిపించినా ఎస్‌సీబీఏ (వీపు మీది గాలి సిలిండరు, మాస్కు) లేకుండా వెనక్కి వెళ్లొద్దు. ఈ మాట వినడానికి కఠినంగా ఉంటుందని తెలుసు. ఒకడి కోసం వెళ్లి రెండోవాడు, వాడి కోసం వెళ్లి మూడోవాడు పోవడం ఈ వాయువు దగ్గర పాత కథే. నడుముకుండే 5 నిమిషాల చిన్న సిలిండరు బయటపడటానికి మాత్రమే, లోపలికి వెళ్లడానికి కాదు. కార్ట్రిడ్జ్ మాస్కు ఇలాంటి చోట పనికిరాదు. మాస్కు మొహానికి బిగుతుగా అంటుకోవాలంటే గడ్డం ఉండకూడదు. చాలా కంపెనీలు గడ్డంతో ఉన్నవాళ్లను అందుకే లీజు మీదికి రానివ్వవు.

హెచ్2ఎస్ శిక్షణ ఏడాదికోసారి తీసుకోవాలి. దానితో పాటు సేఫ్‌ల్యాండ్ అనే ఒకరోజు శిక్షణ కార్డు చాలా సైట్లలో గేటు దగ్గరే అడుగుతారు.

గేజ్‌టేప్
నాలుగు వాయువుల మానిటరు ఎందుకో ఇప్పుడు చెప్తాను, కొత్త_చక్రం. క్రూడ్ ట్యాంకు మూతను థీఫ్ హ్యాచ్ అంటారు. దాన్ని తెరవగానే బ్యూటేన్, ప్రొపేన్ లాంటి హైడ్రోకార్బన్ ఆవిర్లు ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. అవి ఆక్సిజన్‌ను తోసేస్తాయి, గుండె లయనూ చెడగొట్టగలవు. హెచ్2ఎస్ బొత్తిగా లేని ట్యాంకు దగ్గర కూడా ఇలా మనిషి పోవచ్చు. 2010 నుంచి 2014 వరకు ట్యాంకు కొలతలు, నమూనాలు తీస్తూ 9 మంది చనిపోయారని గుర్తించి, 2016లో ఓషా, ఎన్‌ఐఓఎస్‌హెచ్ అనే ఫెడరల్ కార్మిక భద్రతా సంస్థలు కలిసి హెచ్చరిక ఇచ్చాయి. కొందరు ఒంటరిగా ఉన్నప్పుడే పడిపోయారు.

కాబట్టి మూత తెరిచే తీరు: ముందు గాలి దిక్కు చూపే గుడ్డ సంచి వైపు చూసి దిక్కు తెలుసుకోండి. గాలి మీ పక్క నుంచి గానీ వెనక నుంచి గానీ వచ్చేలా నిలబడండి. కానీ వెనకగాలి మొహం ముందు సుడి తిరిగి ఆవిరిని వెనక్కి తెస్తుంది, పక్కగాలే మంచిది. చెయ్యి చాచి, మొహం పక్కకు తిప్పి, మూత కొద్దిగా ఎత్తి ఒత్తిడి పోనివ్వండి. వెంటనే లోపలికి తొంగిచూడొద్దు. మెట్లు దిగి, గాలికి ఎదురుగా జరిగి, కాసేపు ఆగి, మానిటరు అంకె చూసి అప్పుడు కొలత టేపు వేయండి. మండే వాయువు అంకె 10 శాతం ఎల్‌ఈఎల్ (మంట అంటుకునే కనిష్ఠ స్థాయిలో పదో వంతు) దాటినా, ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గినా దిగిపోవాలి. రెండో మనిషి కనిపించే దూరంలో ఉండాలి.

మూత తెరవకుండా కొలిచే సదుపాయం ఉన్న బ్యాటరీలు (ట్యాంకుల సముదాయాలు) చాలా ఉన్నాయి. ఉన్నచోట అదే వాడండి. కంపెనీ ఎంపిక చేసుకునేటప్పుడు ఈ ప్రశ్న అడగండి: చేత్తో గేజ్ చేయించే (ట్యాంకు కొలిపించే) లీజులు ఎన్ని, ఒంటరిగా పంపుతారా, గాలి సిలిండరు ఇస్తారా? జీతం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే అని నా గట్టి నమ్మకం.

బాండింగ్‌తీగ
లోడింగ్ వరస గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తాను.

బండిని గాలికి ఎదురు వైపున, ముక్కు బయటికి వెళ్లే దారి వైపు ఉండేలా ఆపండి. బ్రేకు, చక్రాలకు దిమ్మలు. ఆ తర్వాత మొట్టమొదటి పని బాండింగ్ తీగ, అంటే నిప్పురవ్వ రాకుండా బండిని ట్యాంకుకు కలిపే తీగ. రంగు, తుప్పు లేని ఇనుము మీద క్లిప్పు పట్టాలి, రంగు మీద పెడితే తీగ ఉన్నా లేనట్టే. గొట్టం తగిలించేది, మూతలు తెరిచేది ఆ తర్వాతే. క్యామ్‌లాకు చెవులు రెండూ మూసి పిన్నులు పెట్టండి. ట్రైలరు వాల్వు, దాని గాలి రంధ్రం తెరిచి ఉన్నాయని చూసుకుని, ట్యాంకు వాల్వును చివర్లో నిదానంగా తెరవండి. మొదట్లో ప్రవాహం నెమ్మదిగా, సెకనుకు 1 మీటరు మించకుండా ఉండాలి. ఖాళీ ట్యాంకులో ద్రవం చిందుతూ పడినప్పుడే స్థిరవిద్యుత్తు ఎక్కువ పుడుతుంది.

విప్పేటప్పుడు తిరుగు వరస: ముందు ట్యాంకు వాల్వు మూయడం, గొట్టంలో మిగిలింది లాగేయడం, ఒత్తిడి పోయిందని చూసి క్యామ్‌లాకు విప్పడం, ఆఖరున తీగ. మెరుపులు కనిపిస్తే పని ఆపేయాలి.

గ్యాస్ మబ్బులా కమ్మిన చోట డీజిల్ ఇంజను స్టార్టు చేయకూడదు, నడుస్తుంటే అక్కడ ఉండకూడదు. డీజిల్ ఇంజను గాలితో పాటు ఆ గ్యాస్‌నూ పీల్చి, తాళం తీసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోతుంది. గాలి మార్గాన్ని మూసే షటాఫ్ ఒక్కటే దాన్ని ఆపుతుంది. మీ బండికి అది ఉందో లేదో, మీట ఎక్కడుందో మొదటి రోజే చూసుకోండి.

నీటిబండి
నీళ్ల పని తేలిక అనుకునేవాళ్లకు లెక్క చెప్తాను. బ్యారెల్ అంటే 42 గ్యాలన్లు. మంచినీళ్లు గ్యాలన్ 8.34 పౌండ్లు, అంటే బ్యారెల్ 350 పౌండ్లు. 130 బ్యారెళ్లు వేస్తే దాదాపు 45,500. ఖాళీ బండి 32,000 అనుకుంటే మొత్తం 77,500, అంటే 80,000 పౌండ్ల బరువు హద్దు లోపలే. అదే 130 బ్యారెళ్లు గ్యాలన్‌కు 10 పౌండ్లుండే ఉప్పునీళ్లయితే 54,600, మొత్తం 86,600. ట్యాంకులో గీత ఒకటే, బరువు 9,000 పౌండ్లు ఎక్కువ. ఆ బరువుకు 114 బ్యారెళ్లు దాటకూడదు. అందుకే బ్యారెళ్లు లెక్కపెట్టి ఆగకండి, నీళ్ల బరువు అడిగి తెలుసుకోండి.

సగం నిండిన ట్యాంకరు నిండుదానికన్నా ప్రమాదం. బ్రేకు కొట్టాక నీళ్లు ముందుకు వచ్చి మళ్లీ నెడతాయి. మలుపులో అడ్డంగా ఊగి బండిని పడగొడతాయి. మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించాలి, మలుపు మధ్యలో కాదు.

వ్యాక్యూమ్ ట్రక్కులో ఇంకో సంగతి: పంపు ట్యాంకులోంచి లాగిన గాలిని, అందులోని హెచ్2ఎస్‌తో సహా, బండి పక్కనే వదులుతుంది. ఆ ఎగ్జాస్టుకు పొడుగు గొట్టం తగిలించి మనుషులకు దూరంగా, గాలి వాలుకు వదలండి. వట్టి ఉప్పునీళ్లే కదా అని మానిటరు తీసేసేవాళ్లకు చెప్పాల్సిన మాట ఇది.

రాత్రిషిఫ్ట్
పని గంటలు: 11 గంటలు నడపడం, 14 గంటల డ్యూటీ. ఆయిల్‌ఫీల్డ్‌లో బావి దగ్గర నిరీక్షణ సమయం లెక్కలోకి రాదు కాబట్టి కాస్త వెసులుబాటు ఉంటుంది.

క్యాలిచీ_దారి
అది అందరికీ వర్తించదు అన్నా, ఇక్కడే చాలామంది ఇరుక్కుంటారు. 395.1 నిబంధన డీ భాగంలో రెండు వేర్వేరు సడలింపులున్నాయి. ఆయిల్‌ఫీల్డ్ పనికి మాత్రమే వాడే బళ్లకు 24 గంటల విశ్రాంతితో 8 రోజుల పని గంటల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇది నీళ్ల, ఇసుక బళ్లకూ వస్తుంది. నిరీక్షణ సమయం వదిలేసే సడలింపు మాత్రం బావి సేవ కోసమే ప్రత్యేకంగా తయారైన బళ్లకు, వాటికి ప్రత్యేక శిక్షణ పొందిన డ్రైవర్లకు. ఫ్రాక్ సైటు (నీళ్లు, ఇసుక ఒత్తిడితో బావిలోకి పంపే చోటు) దగ్గర ఆరు గంటలు వరసలో ఉన్న ఇసుక ట్రక్కుకు ఆ ఆరూ 14లోనే కరుగుతాయి. డిస్పాచరు (బళ్లను పనికి పంపేవాడు) వేరేలా చెప్పినా లాగ్‌బుక్కులో పేరు మీదే.

రాత్రిషిఫ్ట్
నిజమే, సరిదిద్దినందుకు ధన్యవాదాలు. కొత్తవాళ్లు క్యాలిచీ_దారి చెప్పినదే పట్టుకోండి.

లీజు రోడ్ల మీద: సీటుబెల్టు, బోర్డు మీది వేగం, ఆ రోడ్డు రేడియో ఛానెల్. ఎదురు బండ్లకు మీరున్న మైలు గుర్తు, నిండు బండా ఖాళీ బండా చెప్పాలి. దుమ్ములో ముందున్నది కనిపించకపోతే దాటే ప్రయత్నం చేయకుండా వెనక్కి తగ్గండి. ఈ రంగంలో ప్రాణాలు ఎక్కువగా పోయేది రోడ్డు మీదే, రాత్రి పన్నెండు గంటల షిఫ్టు ముగించుకుని సొంత కారులో ఇంటికి వెళ్లే దారి కూడా అందులో భాగం. నిద్ర వస్తే క్యాంపులోనే పడుకుని వెళ్లండి.

ఉక్కుముక్కు
ఇసుక బళ్ల వాళ్లకు ఒక్కమాట. ఫ్రాక్ ఇసుక దుమ్ము అంటే సిలికా. ఓషా హద్దు 8 గంటల సగటున ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు. కంటికి దుమ్ము కనిపించకపోయినా ఆ హద్దు దాటి ఉండవచ్చు. ఇసుక ఊదేటప్పుడు ఫిట్ టెస్టు చేయించుకున్న మాస్కు పెట్టుకోండి లేదా క్యాబు కిటికీలు మూసి లోపలే ఉండండి. మోత కూడా చాలా ఎక్కువ, చెవి బిరడాలు తప్పవు.

కొత్త_చక్రం
అందరికీ కృతజ్ఞతలు. చివరి ప్రశ్న. బండి చేతికిచ్చిన రోజు క్యాబులో ఏమేం ఉన్నాయో చూసుకోవాలి?

బాండింగ్‌తీగ
అగ్నిమాపక సిలిండరు: ప్రమాదకర సరుకు బోర్డు పెట్టే బండికి కనీసం 10 బీసీ రేటింగు ఉండాలి, ముల్లు పచ్చగీతలో ఉండాలి. మెరిసే త్రికోణాలు మూడు. మంటతో వెలిగే ఫ్లేర్లు ఉంటే తీసేయించండి, మండే సరుకు ట్యాంకరులో అవి నిషిద్ధం. అత్యవసర మార్గదర్శి పుస్తకం. అందులో క్రూడ్ గుర్తింపు సంఖ్య యూఎన్ 1267, చూడాల్సింది మార్గదర్శి 128. హెచ్2ఎస్ ఎక్కువున్న క్రూడ్‌కు యూఎన్ 3494, మార్గదర్శి 131. సరుకు పత్రాలు డ్రైవరు తలుపు జేబులో, బెల్టు పెట్టుకుని కూర్చున్నా చేతికి అందేలా ఉండాలి.

బాండింగ్ తీగ మొత్తం చేత్తో తడిమి చూడండి, క్లిప్పు దగ్గర పోగులు తెగి ఉంటాయి. క్యామ్‌లాకుల లోపలి రబ్బరు ఉంగరాలు ఎండి పగిలితే కారతాయి, 2, 3, 4 అంగుళాలవి రెండేసి అదనంగా పెట్టుకోండి. చక్రం దిమ్మలు, కళ్లు కడుక్కునే సీసా గడువు తేదీ, తాగే నీళ్లు. ఇంకా గేటు సంకేతం, లీజు పేరు, అక్షాంశ రేఖాంశాలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. లీజు రోడ్లకు వీధి చిరునామా ఉండదు, ఫోను సిగ్నలు పోతుంటుంది. 911కు ఫోను కలిసినప్పుడు చదివి చెప్పాల్సింది ఆ కాగితమే.